ఎనభై ఆరు నాటి జొన్నలు

1992 జనవరి 6, సోమవారం

నేను చేస్తున్న పని ఇంట్లో ఎవరికీ అర్థం కాదు. అందుకే ఈ పుస్తకం మొదలుపెట్టాను. అమ్మకు చెప్పి చూశాను. "కంప్యూటర్ జొన్నలు పండిస్తదా?" అంది, బీడీ ఆకు కత్తిరిస్తూనే. పండించదు, ఎంత పండాలో చెబుతుంది అన్నాను. "పండకముందు చెప్తదా, పండినంకనా?" పండిన తర్వాతే అన్నాను. "మరెందుకది?" అంది.

ఎందుకో ఇక్కడ రాసుకుంటాను. ఒక ఏడాది వానలు, ఎండలు, నేల లోతు, విత్తిన తేదీ ఇస్తే ఆ ఏడు హెక్టారుకు ఎన్ని క్వింటాళ్ల జొన్న రావాలో కంప్యూటర్ లెక్క కడుతుంది. మా షోలాపూర్ వ్యవసాయ పరిశోధన ఫారంలో 1978 నుంచి 1990 దాకా పదమూడు కోతల తూకాలు రిజిస్టర్లలో ఉన్నాయి. కంప్యూటర్ చెప్పింది ఒక వరసలో, పొలంలో వచ్చింది పక్క వరసలో రాయాలి. రెండూ దగ్గరగా ఉంటే ఆ లెక్కను నమ్మి రేపు రైతులకు సలహా చెప్పవచ్చు. ఫిబ్రవరి ఇరవైన మా శాస్త్రవేత్త గంగాధర్ సార్ ఈ పేపర్ పుణె సదస్సులో చదవాలి. పని అంతా నా మీద పెట్టారు.

రిజిస్టర్లన్నీ పెంటప్ప కాక చేతిరాత. నాయిన సిద్ధరాములు, కాక సిరిసిల్ల వైపు ఒకే ఊరి నుంచి ఒకే ఏడు షోలాపూర్ వచ్చారు. భవాని పేట్‌లో ఒకే కార్ఖానాలో పక్కపక్క మరమగ్గాల మీద, మేం సాంచాలంటాం, చద్దర్లు నేశారు. కార్ఖానాలో సగం సాంచాలు అమ్మేసిన ఏడు కాక ఫారంలో కూలికి కుదిరి, తర్వాత పర్మనెంటయ్యాడు. నాయిన నేతలోనే ఉండిపోయాడు. పదిహేనేళ్లుగా ఫారంలో ప్రతి కోత తూకం కాకదే. మార్చి ఆఖరుకు రిటైరవుతున్నాడు. ఏడు అంకెకు నడుమ అడ్డగీత పెడతాడు. చూడగానే తెలిసిపోతుంది.

జనవరి 9

రోజుకో ఏడాది వానలు టైపు చేస్తున్నాను. చెప్పులు బయట విడిచి ఏసీ గదిలో కూర్చుంటే నా చిన్నప్పటి రోజులన్నీ పచ్చ అంకెలై తెర మీదకు వస్తున్నాయి.

1980 సెప్టెంబర్ 23. అరవై రెండు మిల్లీమీటర్లు. ఆ రోజు నాకు తెలుసు. జోడ్‌భావి పేట్ గల్లీలో మోకాలి లోతు నీళ్లు. నాయిన ఒక భుజం మీద నన్ను, రెండో భుజం మీద నూలు మూటను ఎత్తుకుని నడిచాడు. పద్నాలుగేళ్ల పిల్లను, సిగ్గుతో చచ్చిపోయాను. దింపమంటే దింపలేదు. "నూలును అడుగు, అది దిగుతానంటే నిన్ను గుడ దింపుతా" అన్నాడు.

ఆ వానలకు పండి 1981లో కోసిన పంటకు కంప్యూటర్ లెక్క పదమూడున్నర. పొలం పదమూడు.

గంగాధర్ సార్ కాగితం చేతిలో పట్టుకుని గదిలో రెండుసార్లు అటూ ఇటూ నడిచారు. ఆయన సంతోషం అంతే.

జనవరి 15

1982 కోత కుదరడం లేదు. కంప్యూటర్ పద్నాలుగు, పొలం ఎనిమిది. టైపు తప్పేమోనని రెండుసార్లు సరిచూశాను. తప్పు లేదు. సార్ పెంటప్ప కాకను అడిగి రమ్మన్నారు.

కాక పొలం గట్టు మీద పాలకంకులు కాలుస్తున్నాడు. మరాఠీ వాళ్లు హుర్డా అంటారు, మా ఇంట్లో ఊచబియ్యం. వేడివేడిగా అరచేతిలో నలిపి పొట్టు ఊది నా చేతిలో పోశాడు. "ముందు తిను, చల్లారితె రుచి పోతది. సార్ లెక్క సంజెదాంక ఆగుతది" అన్నాడు. నాయిన కూడా ఆదివారాలు ఇక్కడికి వచ్చేవాడు, నన్ను సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని. కాక కాల్చేవాడు, నాయిన నలిపేవాడు, నేను తినేదాన్ని.

ఎనభై రెండు సంగతి అడిగాను.

"ఆ ఏడు పెద్ద చేన్ల ఎయ్యలే బిడ్డా. గట్టు పనులయితున్నయని పడమటి చేన్ల ఏసిన్రు."

"ఫైల్లో నేల లోతు మీటరు అని ఉంది కాకా."

"ఫైల్ల ఉంటది. రా, సూపిస్త."

గునపం తీసుకుని పడమటి చేను నడుమకు తీసుకెళ్లాడు. నాలుగు దెబ్బలకే గునపం కంగుమంది. మోకాలి లోతులో మొరం. "పైన సూస్తె అంతా నల్లరేగడే. అడుగున గిదీ కథ. గీ మన్ను నీళ్లేడ పట్టుకుంటది?" అన్నాడు.

జనవరి 17

నేల లోతు మార్చి మళ్లీ నడిపాను. 1982: కంప్యూటర్ తొమ్మిది, పొలం ఎనిమిది.

సార్ కాకను కంప్యూటర్ గదిలోకి పిలిపించారు. కాక చెప్పులతో పాటు తలకు చుట్టిన తువ్వాలు కూడా బయటే పెట్టి వచ్చాడు. సార్ లేచి తన కుర్చీలో కూర్చోమని మరాఠీలో బలవంతం చేశారు. కుర్చీ అంచున కూర్చుని తెర మీది తొమ్మిదిని చూశాడు.

"గంత దూరంల తయారైన డబ్బాకు మన పడమటి చేను ఎర్కయిందన్నట్టు" అన్నాడు నాతో. సార్‌కు మరాఠీలో చెప్పాను. ఆయన నవ్వడం మొదటిసారి చూశాను.

జనవరి 20

పదమూడింటిలో పన్నెండు కుదిరాయి. 1986 మిగిలింది.

జనవరి 23

1986: కంప్యూటర్ పదకొండు, పొలం ఐదు.

పెద్ద చేనే, లోతైన నేలే. వానలు మధ్యరకం. పురుగు, తెగులు అని రిజిస్టర్లో ఎక్కడా లేదు. సార్ చాలాసేపు ఆ పేజీ చూశారు. "కాటా పెట్టకుండానే రాసి ఉంటాడు. కళ్లం దగ్గర నిలబడని మనిషి ఇంటి దగ్గర కూర్చుని ఐదు అని వేస్తాడు. ఒక్క ఏడు అలా రాస్తే మిగతా పన్నెండూ నేనెలా నమ్మాలి?" అన్నారు.

కాక అలా రాసే మనిషి కాదు అన్నాను.

"అయితే కారణం ఉండాలి కదా శాంతా. మీకేమైనా తెలుసా?"

తెలియదు అన్నాను. అప్పుడు నేను ఫారంలో పనిచేయడం లేదు, కాలేజీలో ఉన్నాను. ఆ ఫిబ్రవరి నాకు సరిగా గుర్తు లేదు.

జనవరి 26, ఆదివారం

సెలవు. అశోక్ చౌక్ దగ్గర పిల్లల ఊరేగింపు చూసి వచ్చాను. మా పాత కార్ఖానా ముందు నుంచే నడిచాను. ఇప్పుడక్కడ తువ్వాళ్లు నేస్తున్నారు.

బడి లేని రోజుల్లో మధ్యాహ్నం నేనే నాయినకు, అమ్మకు అన్నం డబ్బా తీసుకెళ్లేదాన్ని. లోపల ఇరవై సాంచాల చప్పుడు. ఎవరి మాటా వినపడదు. అందరూ పెదవులు చూసి మాట్లాడుకునేవాళ్లు. నాయిన ఒక మూల నుంచి పెదవులు కదిపితే పెంటప్ప కాక రెండో మూల నుంచి నవ్వేవాడు. నాకు ఆ మాట ఎన్నడూ పట్టుబడలేదు. ఏమన్నావు నాయినా అంటే, బయటికి వచ్చాక, "నీ కాకను తిట్టిన" అనేవాడు. కనుబొమల మీద దూది తెల్లగా పేరుకుని అరవై ఏళ్లవాడిలా ఉండేవాడు. అప్పటికి నలభై కూడా లేవు.

ఆ దూదే ఊపిరితిత్తుల్లో చేరింది. ఆఖరు నెలలో గొంతు పోయింది.

నాయిన ఆఖరి మాట వల్లే నేను బీఎస్సీ పూర్తి చేశాను. పరీక్ష హాల్లో కాగితం ముందుకు రాగానే ఆయన్ను తలచుకునేదాన్ని. ఇప్పటికీ కొత్త పని మొదలుపెట్టేటప్పుడు తలచుకుంటాను.

ఫిబ్రవరి 3

సార్ కాకను సంజాయిషీ అడిగారు. ఆఫీసుకు పంపకుండా తన పేరుతోనే కాగితం ఇచ్చారు. అది ఆయన మంచితనం. కాక దాన్ని నా దగ్గరకే తెచ్చాడు. ఇంగ్లీషులో ఉంది. చదివి తెలుగులో చెప్పాను. 1986 కోత తూకం ఎందుకు అంత తక్కువగా ఉంది, తూకం వేసేటప్పుడు మీరు స్వయంగా ఉన్నారా, రాతపూర్వకంగా తెలపండి.

కాక నా ముఖం చూశాడు. నేను కాగితం చూశాను.

"గుర్తు లేదని రాయి బిడ్డా."

"కాకా..."

"ఆరేండ్లాయె. గుర్తు లేదని రాయి, సంతకం జేస్త."

రాశాను. నా చేతిరాతతో రాశాను. ఆయన సంతకం చేశాడు.

ఫిబ్రవరి 4

ఆ కాగితం నేనే తీసుకెళ్లి సార్ బల్ల మీద పెట్టాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

అమ్మకు చెప్పేశాను. చాటలో బీడీలు కట్టలు కడుతోంది. అన్నీ విని దారం పళ్లతో తెంపి, "ఎనభై ఆరుల ఏమైందో నీకు ఎర్క లేదా? నువ్వే గద సైకిల్ మీద పొయ్యి తోల్కొచ్చినవ్" అంది.

నాకు గుర్తుంది. మూడు వారాలుగా ఈ పుస్తకంలోనే అబద్ధం రాసుకుంటున్నాను. ఎవరు చదువుతారని?

నాయిన పెద్దాసుపత్రిలో ఉన్నాడు. పెదవులు కదుపుతున్నాడు, మాకు అర్థం కావడం లేదు. పలక ఇస్తే చేయి వణికి జారిపోయింది. ఎంతసేపూ అదే మాట, అదే మాట. చూడలేక సైకిలెక్కి ఫారానికి వెళ్లాను. కాక కళ్లం మీద ఉన్నాడు. కంకులన్నీ కోసి కుప్ప వేసి, చొప్ప వేరు చేసి పంపించేశారు. రెండు రోజులు ఎండితే కంకులు కొట్టి తూకం వేయాలి. కాపలా ఆయనదే. "నాయిన ఏదో అంటున్నడు కాకా, మాకు తెలుస్తలేదు" అన్నాను. చేతిలో పార అక్కడే పడేసి వచ్చాడు. సెలవు చీటీ లేదు, ఎవరికీ చెప్పలేదు.

నాలుగు రోజులు నాయిన మంచం పక్క నుంచి కదలలేదు. నాయిన పెదవులు కదపడం, కాక తల ఊపడం. నాలుగో రోజు పొద్దున నాయిన పోయాడు. స్మశానం నుంచి కాక నేరుగా ఫారానికి వెళ్లాడు. కుప్పలో సగం పశువులు తినేశాయి.

ఇదంతా నాకు తెలుసు. పదకొండో రోజున కాకే చెప్పాడు, మామూలుగా, వేరేవాళ్ల పొలం సంగతి చెప్పినట్టు.

"మీ నాయిన ఆఖరుకు శాంతను సదివియ్యమన్నడంట. పెంటప్పన్న ఆ మాట అందుకొని తెచ్చిండు. దానికి నువ్వు రాసింది గిదా? గుర్తు లేదనా?" అంది అమ్మ.

ఫిబ్రవరి 10

సార్‌తో అంతా చెప్పాను. సైకిల్ మీద వెళ్లింది నేనేనని, సంజాయిషీలో అబద్ధం రాసిన చేయి నాదేనని. సార్ కోప్పడలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

"మీరు చెప్పేది నమ్ముతాను. కానీ పుణెలో నా నమ్మకం చెల్లదు. పశువులు తిన్నాయన్నదానికి అంకె ఏది?" అన్నారు.

మధ్యాహ్నం దాకా ఆ రిజిస్టర్ ముందు కూర్చున్నాను. ఒక పేజీ వెనక్కి తిప్పితే చొప్ప తూకం కనిపించింది. ఫిబ్రవరి 7, 1986. హెక్టారుకు ఇరవై తొమ్మిది క్వింటాళ్లు. నేను కళ్లం దగ్గరకు వెళ్లింది ఎనిమిదిన. అంటే చొప్పను అంతకు ముందు రోజే తూచి పంపేశారు. పశువులకు అది అందలేదు.

కంప్యూటర్ గింజలే కాదు, చొప్ప కూడా లెక్క కడుతుంది. ఇన్నాళ్లూ ఆ వరస ఎవరూ చూడలేదు, మాకు గింజలే కావాలి కాబట్టి. నడిపాను. ప్రింటర్ ఆ లైను కొట్టేదాకా లేచి నిలబడే ఉన్నాను.

చొప్ప: కంప్యూటర్ ముప్పై, పొలం ఇరవై తొమ్మిది.

పైరు సరిగ్గానే పెరిగింది. గింజ కోత తర్వాతే పోయింది. ఉన్నది ఐదు కాబట్టి కాక ఐదు రాశాడు. పదకొండు అని వేసి ఉంటే ఇవాళ ఎవరూ అడిగేవాళ్లు కాదు.

సార్ ఆ రెండు అంకెల కింద పెన్సిల్‌తో గీత గీశారు. పాత సంజాయిషీ నా చేతిలో పెట్టి, "ఇది ఆయనకు తిరిగి ఇవ్వండి. జరిగింది రాసి తెమ్మనండి. పై ఆఫీసుకు వెళ్లక తప్పదు, కానీ ఆయన తూకం దొంగ తూకం కాదని నేను రాస్తాను" అన్నారు.

ఫిబ్రవరి 11

కాక కాగితం తీసుకోలేదు. "నేను జెప్పమన్ననా నిన్ను?" అన్నాడు. ఇరవై ఐదేళ్లలో నాతో అలా మాట్లాడటం ఇదే మొదలు.

ఫిబ్రవరి 12

ఇవాళ కూడా మాట్లాడలేదు. పొద్దున గేటు దగ్గర నన్ను చూసి వేరే దారిన చేనులోకి పోయాడు.

ఫిబ్రవరి 15, శనివారం

పని వదిలే వేళకు తనంతట తానే వచ్చాడు. వేప చెట్టు కింద తూకం సామాను కడిగే రాయి మీద కూర్చున్నాడు. నౌకరీ గురించి భయపడుతున్నావా కాకా అన్నాను.

"నౌకరీ ఇంగ నెలన్నర. అదేం జేసుకుంట. రాస్తే మొత్తం రాయాలె బిడ్డా. ఎందుకు పోయిన, నాల్గు దినాలు ఏం జేసిన, ఆయినేమన్నడు, అన్ని అడుగుతరు."

"అడిగితే చెప్పు. నన్ను చదివించమన్నాడని చెప్పు."

తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"అనలే బిడ్డా."

నాకు అర్థం కాలేదు.

"సదువు మాట ఆయిన అనలే. నాల్గు దినాలు ఒక్కటే మాట. పో, పొయ్యి నీ కళ్లం సూస్కో. నన్ను సూడంగనే మొదలువెట్టిండు. నా కోసం పని ఇడిసివెట్టి ఎందుకొచ్చినవ్, నౌకరీ పోతది, పో. నేను పోలే. ఆఖరుకు గుడ గదే. పో, పో."

"మరి అమ్మతో..."

"బయటికొస్తే మీ అమ్మ అడిగింది, ఏమన్నడని. నీ కళ్లం సూస్కో అన్నడని ఏ మొఖంతోని జెప్పాలె? మీ మేనమామలు ఆడ్నే నిలవడ్డరు. కాలేజీ బంద్ జేసి పోరిని బీడీల మీద కూసోవెట్టాలని పొద్దటి సంది అంటనే ఉన్నరు. నా నోట్లకెళ్లి వచ్చింది. శాంతను సదివియ్యమన్నడని."

ఎన్నడూ గింజ ఎక్కువ రాయని మనిషి. ఉన్నది ఐదైతే ఐదే రాసిన మనిషి.

లేచి వచ్చేశాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

నాయిన ఫోటో ముందు కూర్చున్నాను. కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు. మూడేళ్లు హాల్లో తలచుకున్నది ఎవరిని? నాయిననా, పెంటప్ప కాకనా?

సాయంత్రం ఒక సంగతి తోచింది. ఊపిరి ఆడని మనిషి స్నేహితుడి కళ్లం గురించి నాలుగు రోజులు మాట్లాడాడు. మా నాయిన అట్లాంటివాడే. సందేహం లేదు.

అమ్మకు చెప్పలేదు.

ఫిబ్రవరి 17

కాక చెప్పాడు, నేను రాశాను. స్నేహితుడు చావుబతుకుల్లో ఉంటే చెప్పకుండా వెళ్లాను, నాలుగు రోజులు కాపలా లేదు, పశువులు పడ్డాయి, మిగిలింది తూచి రాశాను. అంతకు మించి ఎవరూ అడగలేదు.

ఫిబ్రవరి 24

సార్ పుణె నుంచి వచ్చారు. 1986ను తీసేయలేదు. ఐదు ఐదుగానే ఉంచి, కింద చొప్ప లెక్క చూపించి, గింజ కళ్లం మీద పోయిందని రాశారు. ఎక్కువ ప్రశ్నలు ఆ వరస మీదే వచ్చాయట.

మార్చి 12

పై ఆఫీసు నుంచి కాకకు హెచ్చరిక వచ్చింది. అనుమతి లేకుండా నాలుగు రోజులు, మొదటి సంజాయిషీలో అబద్ధం. పదిహేనేళ్ల నౌకరీలో మొదటి మచ్చ, ఆఖరి నెలలో. అందులో సగం నా చేతిరాత. క్షమించు కాకా అన్నాను. "నిజమే గద రాసిన్రు" అని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మార్చి 31

కాక రిటైరయ్యాడు. పూలదండ, శాలువా. సార్ మరాఠీలో మాట్లాడుతూ పడమటి చేను మొరం సంగతి అందరికీ చెప్పారు.

ఏప్రిల్ 5, ఆదివారం

కాకను భోజనానికి పిలిచాం. అమ్మ నిన్నటి ఉగాది బొబ్బట్లు నాలుగు దాచి ఉంచింది. జొన్నరొట్టెలు, గోంగూర. కాక చేయి కడుక్కుని పీట మీద కూర్చున్నాడు కానీ రొట్టె ముట్టలేదు.

"వదినె, నీకొక్క మాట జెప్పాలె. నౌకరీ అయిపోయింది, ఇంగ నా కడుపుల ఏం ఉంచుకోను" అన్నాడు.

నేను వద్దన్నట్టు చూశాను. నన్ను చూడలేదు.

"ఆ దినం సిద్ధరాములు..."

"రొట్టె సల్లారుతది, తిను" అంది అమ్మ.

"ఆయిన అన్నది వేరే వదినె. శాంత సదువు సంగతి..."

"నాకెర్కే" అంది అమ్మ.

కాక ఆగిపోయాడు. అమ్మ పెనం మీది రొట్టె తిప్పి, చీర చెంగుతో చేయి తుడుచుకుని మా వైపు తిరిగింది.

"పద్దెనిమిదేండ్లు ఆ కార్ఖానల కండెలు చుట్టిన. మీ ఇద్దరి నడుమనే కూసున్న. పెదవుల మాట మీకే వస్తదా? పో, కళ్లం సూస్కో అన్నడు. నేను సుత సూసిన."

"మరి తెలుస్తలేదంటివి గదనే. నన్నెందుకు పోనిచ్చినవ్ కాక కోసం?" అన్నాను నేను.

"మొదలు ఏమంటున్నడో నిజంగనే తెల్వలే. ఎవలకు జెప్తున్నడో తెలిస్తేనే గద మాట తెలిసేది. పెంటప్పన్న మంచం ముందట నిలవడ్డంక తెలిసింది." ఇంకో రొట్టె పెనం మీద వేసింది. "బయటికొచ్చి ఏమన్నడని నేనే అడిగిన. మా అన్నలు ఇనాలని అడిగిన. నువ్వు ఏమన్న మంచి మాట జెప్తవేమో సూద్దామని. నువ్వు జెప్పినవ్. సచ్చినోని మాట కాబట్టి వాళ్ల నోరు మూతవడ్డది. నేను జెప్పి ఉంటె ఇనేటోళ్లా?"

కాక తల వంచుకుని పళ్లెం చూస్తూ ఉండిపోయాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. అమ్మ వచ్చి ఆయన ముందున్న ఆరిన రొట్టె తీసేసి వేడిది వేసింది. నాకూ ఒకటి వేసింది. ఆరిన రొట్టె తన పళ్లెంలో పెట్టుకుని, నాయిన పోయిన ఈ ఆరేళ్లలో మొదటిసారి, మా ఇద్దరి పక్కన కూర్చుని మాతో పాటు తిన్నది.